కంది చేలో గోడలు

చిన్నాయనా,

"తర్లుపాడు చేలో ఇల్లు యాడుందమ్మా, నడుమెత్తు కంది గదా" అని నువ్వు ఫోనులో అడిగినదానికి జవాబు ఇది.

ఉపగ్రహం పంపిన రాడార్ తరంగాలు తిరిగొచ్చాక, నేల నుంచి ఎంత వచ్చింది, ఆకుల నుంచి ఎంత, గోడల నుంచి ఎంత అని మా ఆఫీసులో విడదీసి, బీమా కోసం పంటల పటం గీస్తాం. అడవిపందులు రాకుండా నువ్వు చుట్టూ నిలబెట్టిన పలకరాళ్లు గోడల్లాగే కనబడ్డాయి. అందుకే పటంలో నీ చేను ఇల్లయింది, పంట బీమా పోయింది.

మా పై అధికారిని బతిమాలాను. "రాళ్లు తీసేయించు, ఉపగ్రహం మళ్లీ వచ్చినప్పుడు చూద్దాం" అన్నారు.

తీస్తే పందులు కందిని మిగల్చవు. అప్పుడు పటంలో ఖాళీ నేల అని వస్తుంది. అది నిజమే కాబట్టి, మార్చమని అడగడానికి కూడా నాకు వీలుండదు.

నీ అన్న కూతురు