నాలుగు తాళ్ల ఉట్టి

ఆగస్టు 31, 1999. పుంగనూరు. ఉదయం 6.

ఈ డైరీ తెరిచిన పెద్దమనిషీ, నువ్వు వేడుక చూసి పోయే రకం. తాడు పట్టవు. ఊరు ముక్కలై ఉండటానికి సగం కారణం నువ్వే.

నేను గీసిచ్చిన శిల్పం మదనపల్లె వెల్డింగ్ షాపు నుంచి తిరునాళ్ల మైదానంలో దిగింది. నలుగురు ఇనుప మనుషులు, నడుమ ఉట్టి, నాలుగు తాళ్లు. జనంలో నలుగురు ఒకే ఊపున లాగితే ఉట్టిలోని కుండ వంగి బొరుగులు, అదే మరమరాలు, రాలతాయి. ఎవడైనా ముందు గుంజితే వాడి నెత్తిన పసుపునీళ్లు. ఇరవై ఏళ్ల నా కరపత్రాలు చెప్పలేనిది ఇది చెబుతుంది.

తిరునాళ్ల కమిటీ పెద్ద, కిరాణా కొట్టు రంగప్ప షరతు: మూడో తేదీలోగా ఒక్కసారైనా బొరుగులు రాలాలి. రాలితే ఏటా చోటు. లేదంటే పాత ఇనుము కొట్టు.

తీర్మానం: శిల్పం దగ్గర ఉపన్యాసం లేదు. ఒక్క మాట కూడా.

సెప్టెంబరు 1. ఉదయం 10.

మాట్లాడలేదు. సబ్బుల మీద రింగులు విసిరే ఆట దగ్గర ఈగలు. జనమంతా ఇక్కడే. ఆరుగురు తడిశారు, ఆరుగురూ నవ్వారు.

"నువ్వు నోరు మూస్తే ఊరు ఎంత సల్లగా ఉండాదో సూడు," అంది నా భార్య మునిలక్ష్మి.

సాయంత్రం 4.

రెండు వాక్యాలు మాట్లాడాను. "ఇది యా సామిదప్పా?" అన్నాడు రంగప్ప. ఊరుకోవడం అజ్ఞానానికి లొంగడం కాదా? జవాబు ఉపన్యాసం కిందికి రాదు.

సాయంత్రం 5.

ఇంకా జవాబే చెబుతున్నాను. తాళ్లు పట్టినవాళ్లు రింగులాటకు పోయారు.

సెప్టెంబరు 2.

మైకు అద్దెకు తెచ్చాను. వివరణ కూడా కళలో భాగమే. విన్నవాళ్లు: మైకు మనిషి.

సెప్టెంబరు 3. చివరి రోజు. సాయంత్రం 5.

ముగ్గురు దొరికారు. రంగప్ప, కుప్పం నుంచి టమోటా లారీతో వచ్చిన డ్రైవర్ దేవేంద్ర, మునిలక్ష్మి. నేను ఐక్యత గురించి చెబుతున్నాను.

"ఐక్యత తర్వాత. నాలుగో తాడు పట్టు, సేతులు పీకతాండాయి," అంది మునిలక్ష్మి.

"మైకు ఆడ పెట్టప్పా," అన్నాడు రంగప్ప. "నీ మాట రెండు దినాలు ఇన్యాం. నీ బలం సూస్తాం."

పెట్టాను. మూడుసార్లు లాగాం. మూడుసార్లూ పసుపునీళ్లు నాకే. నాలుగోసారి రంగప్ప ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెప్పాడు, మూడు అనేదాకా నేను ఆగాను. బొరుగులు రాలాయి. రంగప్ప మీసం నిండా బొరుగులే.

"వచ్చే ఏడూ చోటు ఇస్తాం," అన్నాడు దులుపుకుంటూ. "నీకు తాడే. మైకు లేదు."

సెప్టెంబరు 4. ఉదయం 6.

తీర్మానం మళ్లీ మొదలు. వచ్చే ఏడు ఒక్క మాట కూడా లేదు. అందుకు నా డిమాండ్లు:

1. చూసి పోయేవాళ్లందరూ ఒక్కసారైనా తాడు పట్టాలి.
2. బొరుగులు రెట్టింపు చేయాలి.
3. అంకెలు చెప్పే పని రంగప్ప ఒక్కడికే ఇవ్వరాదు. వంతులు పెట్టాలి.
4. మొదటి వంతు నాకివ్వాలి. అంకెలను మాటలుగా లెక్కించరాదు.