దొనకొండ నుంచి వచ్చేది తీసుకోవద్దు

ఇరవై ఆరేళ్ల కిందట దొనకొండ రైల్వే ప్లాట్‌ఫారం మీద, చేతిలో టీ గ్లాసులతో నిలబడి ఇద్దరు మనుషులు ఒక మాట ఇచ్చుకున్నారు. "మనం మాట్లాడుకున్నా మానుకున్నా మన మిషన్లు మాట్లాడుకుంటా ఉండాల రంగన్నా" అన్నాడు రెండోవాడు. సరేనన్నాను. ఆ మాట పదిహేడేళ్లు నిలిచింది. తప్పింది నేను. ఇది ముందే రాయకపోతే కింది అంశాలు చదివినవాళ్లకు నా ఆస్తి ఏమిటో, దాన్ని ఎందుకిలా పంచానో అర్థం కాదు.

ప్రకాశం జిల్లా, మార్కాపురం, తర్లుపాడు రోడ్డులో నివాసం ఉంటున్న, కీర్తిశేషులు చెన్నకేశవులు గారి కుమారుడను, టెలిఫోను శాఖలో టెక్నీషియనుగా పనిచేసి రిటైరైనవాడను, డెబ్బై ఆరేళ్ల వయసువాడను అయిన ఇమ్మడిశెట్టి రంగనాయకులు అనే నేను ఈ వీలునామాను నా చేత్తో రాసుకున్నాను. నా బుద్ధి స్థిరంగా ఉంది. ఈ ఉదయం రేడియోలో వచ్చిన మోర్సు కోడు ఒక పేజీ నిండా తప్పు లేకుండా రాసుకున్నాను. ఇంతకంటే కష్టమైన పరీక్ష ఏ డాక్టరూ పెట్టలేదు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టేంత దగ్గరగా ఎవరూ వచ్చి కూర్చోవడం లేదు. ఇంతకుముందు రాసిన రెండు వీలునామాలూ రద్దు. రెండోది ఎందుకు రద్దయిందో ఆరో అంశంలో ఉంది.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత హనుమంతునిపాడు రిటైర్డు ఉపాధ్యాయుడు బ్రహ్మం అయ్యవారిది. ఆయన ప్రతి పనీ ఆలస్యంగా చేస్తాడు, కానీ మానడు. నేను పోయాక నాకు తొందరేమీ ఉండదు.

2. తర్లుపాడు రోడ్డులోని ఇల్లు నా కొడుకు ఫణికృష్ణకు. అతనికి గిద్దలూరులో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. నా పని చూసినప్పుడల్లా "చేతిలో ఫోనుండగా ఇదంతా ఏంది నాయనా" అనేవాడు. తొమ్మిదేళ్ల కిందట వానలకు మూడు రోజులు టవర్లు పడుకున్నప్పుడు అతని దుకాణంలోని ఫోన్లు గాజుముక్కలతో సమానం. ఆ తర్వాత అతను ఆ మాట అనలేదు. నేనూ ఎత్తలేదు. ఇల్లు అతనిదే. మిద్దె మీది ఇనుప స్తంభం, దాని మీది డిష్షు మాత్రం అతనివి కావు.

కోడలు ప్రియాంకకు నా చేతి గడియారం. కాపురానికి వచ్చిన కొత్తలో నేను ఆ స్తంభం ఎక్కితే కింద గంటసేపు తాడు పట్టుకుని నిలబడింది. "పడేటట్టుంటే ముందు చెప్పు మామా, పక్కకు తప్పుకుంటా" అంది. ఈ ఇంట్లో నన్ను నవ్వించినవాళ్లు ఇద్దరే. రెండో మనిషి ఈమె.

3. నా అసలు ఆస్తి ఇది. ప్రభుత్వం ఇచ్చిన అమెచ్యూర్ రేడియో లైసెన్సుతో నడిచే నాలుగు స్టేషన్లు: మార్కాపురంలో మా మిద్దె, బేస్తవారిపేట దగ్గర గుట్ట మీద సోలారుతో నడుస్తూ కబుర్లను అందుకుని ముందుకు పంపే రిలే, హనుమంతునిపాడులో బ్రహ్మం అయ్యవారి ఇల్లు, దొనకొండ. మొదట్లో కంప్యూటరుకు రేడియో సెట్టు తగిలించి సెకనుకు నూరు అక్షరాలు పంపేవాళ్లం. తర్వాత పాత వైఫై రూటర్లలో మా ప్రోగ్రాము ఎక్కించి, పారేసిన టీవీ డిష్షుల మధ్య పెట్టాం. ఉత్తరాలు, ఫొటోలు, వాన లెక్కలు ఊరి నుంచి ఊరికి పోతాయి. ఇంటర్నెట్టు చేసే పనే చేస్తుంది, ఇంటర్నెట్టు లేకుండా. ఒక దారి మూసుకుపోతే కబురు తనంతట తానే ఇంకో దారి వెతుక్కుంటుంది. నా జీవితంలో నేను చేసిన మంచి పని అదొక్కటే అని చాలాకాలం అనుకున్నాను.

ఇందులో నాలుగో స్టేషను మొదటినుంచీ, ప్లాట్‌ఫారం మీద నాతో మాట ఇచ్చుకున్న దొనకొండ ఆయనది. ఆస్తి కాగితంలో ఆయన పేరు ఎన్నిసార్లు రాయాలో అన్నిసార్లు రాయడం నాకు ఇష్టం లేదు. దొనకొండ ఆయన అనే రాస్తాను.

4. లైసెన్సు కొడుకుకు రాదు, ఎవరికీ రాదు. మనిషితో పోతుంది. లైసెన్సులో నా పేరున ఇచ్చిన గుర్తింపు అక్షరాలను నా మిషను పది నిమిషాలకోసారి గాలిలోకి చెబుతూ ఉంటుంది. అది చట్టం. నేను పోయిన రోజే బ్రహ్మం అయ్యవారు దాన్ని ఆపాలి. ఈ ఒక్క పనీ ఆలస్యం చేయవద్దు. చచ్చినవాడు పది నిమిషాలకోసారి నేనున్నానని చెప్పడం నియమాలకు విరుద్ధం, పైగా అబద్ధం.

5. జరిగింది రాస్తున్నాను. వారసులు దీన్ని ఇతరుల నోట వినకూడదు.

తొమ్మిదేళ్ల కిందట ఒక దినపత్రిక జిల్లా పేజీలో దొనకొండ ఆయన ఫొటో వేశారు. నాలుగు ఊళ్లను ఒంటిచేత్తో కలిపిన మేధావి అని రాశారు. నా పేరు లేదు. అడిగితే "రాసినోడు కోసేసినాడు రంగన్నా, నేను చెప్పినా" అన్నాడు. అదే పేపరులో దొనకొండ ఆయన మేనల్లుడి పేరుంది. ఆ రోజే నోటితో మాట్లాడే సెట్టును ఆపి బట్ట కప్పేశాను. మిషన్ ప్రోగ్రాములో ఒక లైను రాశాను. దాని అర్థం: దొనకొండ నుంచి వచ్చేది తీసుకోవద్దు. నిరాకరించిన కబుర్లు తెర మీద కనపడకుండా, మిషను తనలో రాసుకునే చిట్టా అయిన లాగ్ ఫైలులోకి పోయేటట్టు కూడా నేనే అమర్చాను. కనపడితే చదవాలనిపిస్తుంది కాబట్టి.

ఆ కార్తీకంలో నా భార్య సావిత్రి హనుమంతునిపాడులో తన అక్క పోలమ్మ ఇంటికి పోయింది. వాన పట్టుకుంది. ఫోన్లు పోయాయి. మూడు రోజులు ఎండ లేక గుట్ట మీది రిలే బ్యాటరీ దిగిపోయింది. మూడో రోజు ఉదయం సావిత్రికి గుండెనొప్పి వచ్చింది. బ్రహ్మం అయ్యవారు తన స్టేషను నుంచి నాకు కబురు పెట్టాడు: "సావిత్రమ్మకు గుండెనొప్పి. వాగు పొంగి కనిగిరికి పోలేం. మీ వైపు దారి బాగుంది. డాక్టరుతో జీపు పంపండి." గుట్ట దారి మూసుకుపోయింది కాబట్టి ఆ కబురు మేం నేర్పినట్టే రెండో దారి వెతుక్కుంది. దొనకొండకు పోయింది. అక్కడి నుంచి నా ఇంటికి వచ్చింది. తొమ్మిది గంటల నలభై నిమిషాలకు నా మిషను దాన్ని తిప్పి పంపింది. అరగంటకోసారి మళ్లీ వచ్చింది. మధ్యాహ్నం రెండు నలభై దాకా పదకొండుసార్లు వచ్చింది. పదకొండుసార్లూ తిప్పి పంపింది.

ఆ అయిదు గంటలూ నేను ఆ మిషను పక్కనే కుర్చీలో కూర్చుని రోమను చరిత్ర చదువుకుంటున్నాను. మధ్యలో లేచి అన్నం తిన్నాను.

జీపులో రెండు గంటల దారి. సావిత్రి సాయంత్రం నాలుగింటికి పోయింది. డాక్టరు అందివుంటే బతికేదా అని తర్వాత ముగ్గురు డాక్టర్లను అడిగాను. ముగ్గురూ చెప్పలేమన్నారు.

లాగ్ ఫైలు ఆ రాత్రి చూడలేదు. నాలుగో రోజు చూశాను. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఎందుకో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

6. మార్కాపురం స్టేషను సామానంతా, గుట్ట మీది రిలే, విడి భాగాల పెట్టెలు ఏడు, హనుమంతునిపాడు ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్న యేసుమణికి. రేడియో సామాను లైసెన్సు ఉన్నవాళ్లకే ఇవ్వాలి. ఆమె రెండేళ్ల కిందట పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. బ్రహ్మం అయ్యవారి శిష్యురాలు. ఆమె కాదంటే ఈ నాలుగు ఊళ్లలో తీసుకోగలిగినవాళ్లు లేరు. గుట్ట మీది రిలే లేకపోతే నెట్‌వర్కే లేదు.

పోయిన వీలునామాలో ఒక షరతు పెట్టాను: నేను రాసిన ఆ లైను ఎన్నటికీ తీయకూడదని. అవును, తొమ్మిదేళ్లుగా అది అలాగే ఉంది. సావిత్రి పోయిన తర్వాత కూడా తీయలేదు. తీస్తే, అది తీయదగిన లైనేనని ఒప్పుకున్నట్టవుతుంది. యేసుమణిని పిలిపించి ఆ షరతు చదివి వినిపించాను. నిలబడే విన్నది.

"అట్లయితే నాకొద్దు తాతా" అంది. "మా ఆస్పత్రికి దొనకొండ దారి కావాల. మళ్లీ వానొస్తే, మళ్లీ గుట్ట పడుకుంటే, నా పేషంటు కబురు నీ కోపానికి తగిలి ఆగిపోవాల్నా?"

సామాను మంచిదని, ఇంకెవరూ ఇంత ఇవ్వరని చెప్పాను.

"అయితే పాత ఇనుమోడికి వెయ్యి. వాడన్నా షరతులు లేకుండా తీసుకుంటాడు."

పోయింది. కాఫీ కూడా తాగలేదు. నాకు ఈ మధ్య ఇంత మర్యాదగా ఎవరూ ఎదురుచెప్పలేదు. ఎనిమిది రోజులు ఆలోచించాను. ఈ నెల పంతొమ్మిదో తేదీ ఉదయం ఆరున్నరకు ఆ లైను తీసేశాను. ఇప్పుడు ఈ ఆస్తికి షరతు లేదు. యేసుమణి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టి ఇచ్చింది. ఆ కాగితం దీనికి జత చేశాను.

7. వదిన పోలమ్మకు సావిత్రి ఇత్తడి బిందె, కళ్లద్దాలు. ఆ రోజు మధ్యాహ్నం పోలమ్మ "మీ ఆయన మిషన్లు ఊరూరా మాట్లాడతాయంటివే, ఏవే?" అని అడిగిందట. "ఈపాటికి అందింటాది, బయల్దేరింటాడు" అందట సావిత్రి. ఇది నాకు బ్రహ్మం అయ్యవారు చెప్పాడు. పోలమ్మ చెప్పలేదు. చెప్పనందుకు ఆ బిందె.

8. నా పుస్తకాలు నాలుగు వందల పన్నెండు. అన్నీ బ్రహ్మం అయ్యవారికి. తీసుకున్న పుస్తకం తిరిగి ఇవ్వడం ఆయనకు అలవాటు లేదు. ముందే ఇచ్చేస్తే అడిగే పని తప్పుతుంది. రోమను చరిత్ర మాత్రం ఇందులో లేదు. అది ఎక్కడుందో వెతకవద్దు.

9. దొనకొండ ఆయనకు నా ఆస్తిలో ఏమీ లేదు. కానీ ఆయన గురించి రాయవలసింది ఉంది.

సావిత్రి పదకొండో రోజున ఆయన మా ఇంటికి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. "పదకొండుసార్లు పంపినా రంగన్నా. తెర ముందరే కూర్చున్నా. నీ మిషన్ తీసుకోకుంటే నేనేం చేసేది?" అన్నాడు. అప్పటికి నేను రైల్వే స్టేషన్లో విచారించి ఉన్నాను. ఆ రోజు ప్యాసింజరు బండి నడిచింది. పన్నెండుంపావుకు దొనకొండలో ఆగి ఒంటిగంట లోపలే మార్కాపురం రోడ్డు స్టేషనుకు వచ్చింది. ఆయన ఇల్లు ప్లాట్‌ఫారానికి నడిచేంత దూరం. బండి ఎక్కలేదేమని అడిగాను.

"నా మాటే వద్దనుకున్నోడివి, నా మొహం చూస్తావా అని" అన్నాడు.

ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు. ఆయన మిషను మాత్రం రోజూ ఉదయం ఏడింటికి దొనకొండ వాన లెక్క నాకు పంపుతూనే ఉంది. తొమ్మిదేళ్లుగా రోజుకొకటి లాగ్ ఫైలులో పడుతోంది. పంతొమ్మిదిన లైను తీసిన అరగంటకు మొదటిసారి ఒకటి తెర మీదకు వచ్చింది. "దొనకొండ. వాన లేదు." జవాబివ్వలేదు. నాకు అందినట్టు ఆయనకు రసీదు నా మిషనే పంపి ఉంటుంది.

లైను తీశాను కాబట్టి మన్నించానని నా వారసులు ఊళ్లో చెప్పవద్దు. నేను చేసిన తప్పు అయిదో అంశంలో సమయంతో సహా ఉంది. దాన్ని నేను ఎవరి మీదా తోయలేదు. ఆ రోజు కబురు వస్తున్నట్టు నాకు తెలియదు. ఆయనకు తెలుసు. అయిదు గంటలు తెలుసు, సావిత్రి పేరు తెర మీద చదువుకుంటూ, బండి వచ్చి పోయిన చప్పుడు వింటూ కూర్చున్నాడు. పౌరుషం నాకూ ఉంది. కానీ ఆమె చేతి అన్నం పదిహేడేళ్లు తిన్నవాడు ఆ ప్లాట్‌ఫారం దాకా నడవలేకపోయాడు. నేను పోయేదాకా, పోయాక ఈ కాగితం ఉన్నంతకాలం, నేను నిందించే మనిషి ఒక్కడే. ఇంటిపేరుతో సహా రాస్తున్నాను: దొనకొండ, స్టేషను వీధి, చిలకపాటి కరుణాకరం.

మార్కాపురం
21 ఆగస్టు 2024, బుధవారం

(సంతకం) ఇమ్మడిశెట్టి రంగనాయకులు

పై వ్యక్తి మా ఇద్దరి ఎదుట దీన్ని ఆసాంతం చదివి, సంతకం చేశాడు. ఆయన చూస్తుండగా మేమూ చేశాం.

సాక్షులు:
1. గుంటి కోటి, బ్యాటరీల దుకాణం, మార్కాపురం
2. దేవరకొండ నాగజ్యోతి, అడ్వకేటు, మార్కాపురం