యంత్రానికి పెట్టిన పరీక్ష

మంగళవారం, మహబూబాబాద్

పత్తి చేలల్లో పురుగుమందు విషం ఎక్కిన కూలీల మీద వచ్చిన పరిశోధనలన్నీ వెతికి మేం నివేదిక ఇస్తేనే, కేసముద్రం దవాఖానలో విరుగుడు మందు ఉంచాలో లేదో తేలుతుంది. ఆ వెతికే పని కంప్యూటర్‌కు అప్పగించవచ్చా అని ఈ రోజు పరీక్ష పెట్టాం. నేను ముందే ఏరి పెట్టిన నలభై వ్యాసాలను అది వేల వ్యాసాల్లోంచి తనంతట తానే పట్టుకోవాలి.

"అన్నా, ఒక్కటి గూడ ఇడువలే! ఇగ మిషన్ల మీద నీ లొల్లి బంద్ జెయ్యి," అని నవ్వాడు దాన్ని నడిపే యాకూబ్.

మా జట్టులోని సుజాత నవ్వలేదు. "అన్నా, గా నలభై నువ్వు సొంతంగ ఏరినయే గదా?"

"మరేంది, ఆకాశంల నుంచి పడ్డయా?" అని కసిరాను.

అబద్ధం. ఓపిక లేక సగానికి పైగా ఆ యంత్రంతోనే ఏరాను. తన జవాబులు తనే దిద్దుకుంటే నూటికి నూరు రాక ఏమొస్తుంది? అది వదిలేసినవి ఎన్నో ఎవరికి తెలుసు? జనం ప్రాణాలను యంత్రాల పాలు చేస్తున్నారని పత్రికల్లో మండిపడే నేను, ఇద్దరు మనుషుల ముందు ఒక్క నిజం చెప్పలేకపోయాను. సుజాత నమ్మి, ఆ ఫలితాన్ని నివేదికలోకి ఎక్కించింది.

అది వదిలేసిన వ్యాసాల వల్ల ఆధారాలు చాలవని తేలితే కేసముద్రానికి విరుగుడు రాదు. ఆ నివేదిక కింద మొదటి సంతకం నాదే...