సాగిన టేపు

అమ్మా, ముందే చెప్తున్నా, పాప బాగుంది. కంగారు పడకు.

తలలో చేరే నీటిని కడుపులోకి దింపడానికి పోయిన నెల వేసిన గొట్టం మూసుకుపోయిందట. నిన్న మార్చారు. తల కొలత చీటీలో రాసిన అంకె దాటితే వెంటనే తీసుకురమ్మన్నారు కదా. నేను రోజూ కొలిచాను, దాటలేదు. నెల తనిఖీకని మొన్న ఆసుపత్రికి తెచ్చాక, ఇక్కడ నర్సమ్మ తన టేపుతో చూస్తే రెండు సెంటీమీటర్లు ఎక్కువొచ్చింది! పన్నెండేళ్ళుగా లాగీ లాగీ నా టేపు సాగిపోయిందమ్మా. ఒంటి కొలత దీంతో తీసి, గుడ్డ మీద గీతలు చెక్క స్కేలుతో గీస్తాను కదా. చొక్కా బిగుతైందని వచ్చిన వాళ్ళందరినీ, మీరే లావెక్కారని వెక్కిరించి పంపాను. పాప టోపీ బిగుతైందిరా అని నువ్వు రెండుసార్లు అన్నావు. నేను టేపునే నమ్మాను.

ఇక్కడ అంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. ఆకుపచ్చ పరదాలు మెల్లగా ఊగుతుంటాయి, మాటలు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపిస్తాయి. పాప చెవి వెనక కొత్త గొట్టం, అస్తరు కింద పెట్టి కుట్టిన దారంలా సన్నగా కనిపిస్తోంది. దాన్నే చూస్తూ కూర్చుంటే నాకూ కళ్ళు మూతపడుతున్నాయి. నీ కోడలు ఇప్పుడే కునుకు తీసింది.

అన్నట్టు, మిషను మీద దుప్పటి కప్పావా? కోటు కోసం వచ్చే మేష్టారిని వారం ఆగమను. ఆయన కొలతలు మళ్ళీ తీయాలి.

వారంగా పాప కిందికే చూస్తుంటే సిగ్గనుకుని మురిసిపోయాం కదా, అదీ ఆ నీటి పనేనట. ఇవాళ పొద్దున చూపు పైకెత్తి, నా మొహం మీద నిలిపింది.

కొత్త టోపీకి కొలత అడుగుతావేమో, నేను చెప్పను. వచ్చాక నీ చేత్తోనే చూసుకుని కుట్టు.

నీ కాళ్ళకు దణ్ణంతో,
నీ దర్జీ కొడుకు