అత్తమ్మ దుకాణం దాకా నడిచింది

బీదర్, మంగళవారం రాత్రి

మూడు నెలల కింద స్నానాలగదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్న అత్తమ్మ, ఈ రోజు ఇంటి నుంచి మా బట్టల దుకాణం దాకా తానే నడిచింది. కట్టు విప్పాక కూడా భయంతో మంచం దిగేది కాదు. కూర్చునే ఉంటే కాళ్లలో బలం తగ్గి మళ్లీ పడతారని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం రోజూ అలవాటు చేసుకుంది. మొదటి రోజు రెండుసార్లు కూడా లేవలేకపోయిన మనిషి నిన్న పదిసార్లు లేచింది.

నేను వెనకాలే నడుస్తున్నాను. దారిలో పక్కింటి శంకరమ్మ ఆమెను ఆపి, గొంతు తగ్గించి చెప్పింది: "నేను గూడ మొన్న వాకిట్ల పడ్డ వదినె. కొడుక్కు చెప్పలే."

"ఇయ్యాల్నే చెప్పు. నేను గూడ మొదటిసారి పడ్డప్పుడు దాసిపెట్టిన. రెండోసారికి చెయ్యి ఇరిగింది," అంది అత్తమ్మ.

మొదటిసారా? ఈ రోజు దాకా నాకు తెలియదు. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే దుకాణానికి పోనిస్తుంటివా?"

పోనిచ్చేదాన్ని కాదు. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. ఇక మీదనైనా చెప్తుందా? చెప్పగలిగేలా నేను ఉంటానా...

అయినా ఆమెను తలుచుకుంటే గర్వంగా ఉంది. దుకాణం మెట్ల దగ్గర నేను వెనక నుంచి చెయ్యి చాపాను. ఆమె కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ, తిరిగి చూడకుండానే అంది:

"చెయ్యి దించు బిడ్డా. గిరాకీలు చూస్తుండ్రు."