ఆ పొద్దున ఆయన అన్న మాట

అత్తయ్యగారికి నమస్కారాలు. ఇక్కడ నేను ఒంట్లో బాగానే ఉన్నాను. అక్కడ మీరూ, చిట్టీ, మీ మోకాళ్ళూ ముగ్గురూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోనులో అయితే మీకు సగం వినబడదు, మిగతా సగం "ఆఁ? ఆఁ?" అంటూ మీరే వినబడనివ్వరు. మనకి ఉత్తరాలే మేలు.

వేళకి తింటున్నాను. గదిలో చిన్న పొయ్యి ఉంది, అన్నం వండుకుంటున్నాను. మీరిచ్చిన శాలువా కోటు లోపల చుట్టుకుంటే చూసినవాళ్ళు నేను లావెక్కాననుకుంటున్నారు. చిట్టి జడకి ఏడిస్తే దువ్వెన దాని చేతికే ఇచ్చేయండి. చిక్కు తనే తీసుకుంటే నోరెత్తదు.

"నాలుగు నెలలూ గదిలో ముడుచుకుని కూర్చుని వస్తే ఊరుకోను, ఊరంతా చూసి రా" అని గద్దించారు కదా, ఆ భయంతోనే ఆదివారాలు తిరుగుతున్నాను. పాత కోటగోడ మీద ఊరు చుట్టూ నడిచాను. గడియారం బురుజు ఎక్కాను, రెండొందల పన్నెండు మెట్లు. వీధులు ఎంత ఇరుకంటే, ఎదురెదురు కిటికీల్లోంచి ఉప్పు అరువు ఇచ్చుకోవచ్చు. చూసినవన్నీ చిట్టి కోసం ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను.

పాత పుస్తకాలు బాగుచేసే పని కూడా బాగా వచ్చింది. మన గ్రంథాలయంలో పేజీ చిరిగితే టేపు అంటించి చేతులు దులుపుకునేవాళ్ళం. ఇక్కడ ఆ టేపు ఊడదీయడం నేర్పడానికే వారం పట్టింది. చిరుగు వెనక ఉల్లిపొరలాంటి కాగితం అతికించాలి, జిగురు గోధుమ పిండితో కాచాలి. ఉండ కట్టకుండా కాచినదాన్ని తరగతిలో నేనొక్కదాన్నే. "ఎవరు నేర్పారు?" అని మేష్టారు అడిగితే "మా అత్తగారు" అన్నాను.

ఆ మేష్టారి సంగతి మీకు రాయాలి. అరవై దాటిన మనిషి. పోయిన గురువారం పొద్దున మా బల్ల దగ్గర నిలబడి పాఠం చెబుతూ చెబుతూ ఎడమ భుజం నొక్కుకున్నారు. అంత చలిలోనూ నుదురు తడిసిపోయింది.

"ఏం లేదమ్మా, మెట్లెక్కి వచ్చాను కదా. కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. మీ పని మీరు చూసుకోండి" అన్నారు.

ఆ చివరి మాట వినగానే కుంచె పక్కన పడేసి లేచాను. అరిచేశాను అత్తయ్యా. "పని తర్వాత! ముందు ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి!" అని మన భాషలోనే అరిచానట, తర్వాత తరగతిలోవాళ్ళు చెప్పారు. ఆ సందులోకి బండి రాదు. ఆయన్ని కుర్చీలోనే కూర్చోబెట్టి నలుగురం రోడ్డు దాకా మోసుకుపోయాం. ఇంకో అరగంట ఆగితే దక్కేవారు కాదని డాక్టరు అన్నారు.

శనివారం ఆయన భార్య వచ్చింది. అందరి ముందూ నా రెండు చేతులూ పట్టుకుని, "నా మనిషిని నాకు తెచ్చి ఇచ్చావు. నీకెలా తెలిసిందమ్మా?" అని అడిగింది. ఎక్కడో చదివానన్నాను. ఆవిడ నా చేతులు కళ్ళకద్దుకుంది. నేను చేతులు విడిపించుకుని బయటికెళ్ళిపోయాను.

ఇక్కణ్ణుంచి మీరొక్కరే చదవండి. చిట్టి పక్కనుంటే ఆడుకోమని పంపేయండి.

మీరు ప్రతి ఉత్తరం అడుగున ఒకే మాట అడుగుతున్నారు: "ఆ పొద్దున వాడు నీతో ఏమైనా అన్నాడా?" ప్రతిసారీ దాటేశాను. నిద్రలోనే పోయారని అందరికీ చెప్పాను. "నా కొడుకు నొప్పి తెలియకుండా పోయాడు" అని వచ్చినవాళ్ళందరికీ మీరు చెప్పుకుంటుంటే పక్కనే కూర్చుని తల ఊపాను.

అన్నారు అత్తయ్యా. నాతో అన్నారు.

ఈ చదువుకి దరఖాస్తు పంపడానికి అదే ఆఖరి రోజు. నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆయన గుండె రుద్దుకుంటూ వచ్చి, "ఎందుకో ఇక్కడ పట్టేసినట్టుందే. ఒకసారి డాక్టరు దగ్గరికి పోయొద్దామా?" అన్నారు. నేను తలెత్తి కూడా చూడలేదు. "రాత్రి తిన్నది అరగలేదేమోనండీ. కాస్త వాము నమిలి పడుకోండి. ఒక్క గంట, ఇది పంపేసి వెళ్దాం" అన్నాను.

"సరేలే, నీ పని నువ్వు చూసుకో. నువ్వు ఆ ఊరెళ్తే నాలుగు నెలలు మంచమంతా నాదే" అని నవ్వి లోపలికి వెళ్ళారు.

గంటన్నర తర్వాత, పంపేశానని చెబుదామని వెళ్ళాను. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. దుప్పటి అంచు పిడికిట్లో నలిగిపోయి ఉంది. మీరు వచ్చేలోగా ఆ వేళ్ళు విడదీసి, దుప్పటి సర్దాను. నొప్పి తెలియకుండా కాదు అత్తయ్యా. పక్క గదిలో నేనుండగానే, నన్ను పిలవకుండా భరించారు.

సీటు వచ్చిందని కబురు తెలిసినప్పుడు నేను వెళ్ళనన్నాను. దిగులుతో అంటున్నాననుకున్నారు మీరు. "వాడుంటే పంపేవాడే" అని మీరే పెట్టె సర్దారు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పకుండానే బయల్దేరాను.

మొన్న మేష్టారి డాక్టరుని అడిగాను, మా ఆయన్ని ఆ గంటన్నర ముందే తీసుకెళ్ళి ఉంటే బతికేవారా అని. "చూడకుండా చెప్పలేమమ్మా" అన్నారు. ఆ మాట పట్టుకుని ఊరట పడదామని రెండు రోజులు చూశాను. కుదరలేదు. మేష్టారి విషయంలో నాకు కళ్ళున్నాయి. ఆయన విషయంలో ఎందుకు లేవు?

ఇంకో మూడు వారాల్లో చదువు అయిపోతుంది, వచ్చేస్తాను. క్షమించమని అడగను. తిట్టండి, నాలుగు వేయండి, పడతాను. మాట్లాడకుండా మాత్రం ఉండకండి. చిట్టికి వాళ్ళ నాన్న గురించి ఇప్పుడేమీ చెప్పొద్దు, అది పెద్దయ్యాక నేనే చెబుతాను. మోకాళ్ళకి నూనె రాసుకోవడం మానకండి.

ఆయన పోయిన పదో రోజున మీరు నన్ను దగ్గరికి తీసుకుని, "ఇక నువ్వు కోడలివి కావు, నాకు కూతురివి" అన్నారు. ఇన్ని ఉత్తరాల్లోనూ కింద "మీ కూతురు" అనే రాశాను. ఇది చదివాక ఆ మాట ఉంచుతారో, తీసేస్తారో మీ ఇష్టం. అందాకా నాకున్న వరస ఒక్కటే.

ఇట్లు,
మీ కోడలు