రెండో గ్లాసు

అక్కా, ఇవాళ మనింట్లో నీ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. అందరితోపాటు చాప మీద కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచాను. నువ్వుంటే చప్పట్లు కొట్టేదానివి.

బరువు తగ్గడానికి విశాఖపట్నంలో కడుపు ఆపరేషన్ చేయించుకున్నానే. బయల్దేరిన రోజు అమ్మ గుమ్మం దాటి రాలేదు. "ఒక కూతుర్ని కిడ్నీలట్టుకుపోనాయి. నువ్వు బాగున్న కడుపు కోయించుకుంతావేటే?" అంది.

తిరిగొచ్చి, చిన్న గ్లాసుతో గుక్కెడు గుక్కెడే తాగాలని డాక్టరు చెప్పారన్నాను. అది వినగానే అమ్మ నీ స్టీలు గ్లాసు ట్రంకుపెట్టెలో దాచేసింది. జబ్బులో నీకు నీళ్లు కొలిచి పోసిన గ్లాసది. నా చేతిలో చూడలేకపోయింది. నేను చెంచాతోనే తాగాను.

ఇవాళ అందరూ వెళ్లాక అమ్మే ఆ గ్లాసు తీసి, తోమి, కొబ్బరినీళ్లు పోసి తెచ్చింది. కవిటిలో మన చుట్టూ కొబ్బరితోటలే అయినా, జబ్బులో డాక్టర్లు నిన్ను ముట్టనివ్వని కొబ్బరినీళ్లు. మెల్లగా తాగాను. అమ్మ ఖాళీ గ్లాసు వంకే చూస్తూ, "ఇంకోపాలి పొయ్యొచ్చేటే?" అని భయంభయంగా అడిగింది.

నువ్వు ఇంకో గుక్క అడిగినప్పుడల్లా అమ్మ వద్దనే చెప్పాల్సి వచ్చేది.

"పొయ్యొచ్చమ్మా. కాసేపాగు," అన్నాను.

మిగిలిన కొబ్బరినీళ్ల చెంబు ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగానే కూర్చుంది, ఆ కాసేపు అయ్యేదాకా.